బుడగల కోసం పడిగాపులు

అక్టోబరు నెల. తెల్లవారుజామున ఐదున్నర. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, నోవై పట్టణంలో మా అక్కావాళ్ల ఇల్లు. మంచినీళ్ల కోసం లేచిన నాకు గ్యారేజీ తలుపు సందులోంచి వెలుగు కనిపించింది. తీసి చూద్దును కదా, మంకీ క్యాపు పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, రెండు కార్ల మధ్య చిన్న స్టూలు మీద బావ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మూత బిగించిన తెల్లటి ప్లాస్టిక్ బకెట్. మూత మధ్యలో వంకర గొట్టం, అందులో రెండు వేళ్ల ఎత్తున నీళ్లు. సెల్‌ఫోన్ టార్చి ఆ నీళ్ల మీదికే.

“ఏం చేస్తున్నావు బావా?”

“సప్పుడు జెయ్యకు. లెక్క తప్పుతది.”

బ్లుక్. రెండు క్షణాలాగి మళ్లీ బ్లుక్. గొట్టంలోని నీళ్లు ఎగిరి సర్దుకుంటున్నాయి. రాత్రి పడుకునేటప్పుడు నిమిషానికి పన్నెండు బుడగలు వచ్చాయట, ఇప్పుడు ముప్పై దాటాయట. మూత దగ్గర ముక్కు పెడితే పచ్చి ఆపిల్ వాసన, దాని వెనకే ఇడ్లీపిండి బాగా పొంగినప్పుడు వచ్చే పులుపు. బావ మొహంలో ఆనందం చూస్తే పురుడు గది బయట నిలబడ్డవాడిలా ఉన్నాడు.

వెనక నుంచి అక్క గొంతు: “మా పెద్దోడు పుట్టిన రోజు గూడ ఈయన ఇంత పొద్దుగాల లేవలె.”

ఆ బకెట్‌లో ఉన్నది ఐదు గ్యాలన్ల ఆపిల్ రసం. మన లెక్కలో దాదాపు 19 లీటర్లు. అది పులిసి సైడర్ అవుతోంది. పక్క షెల్ఫులో బావ తనే కాచిన బీరు సీసాలు యాభై. బావ బాగా తాగే మనిషేం కాదు. శనివారం రాత్రి ఒక సీసా, మనం వెళితే రెండు. మిగిలినవన్నీ ఆఫీసువాళ్లకు, వీధిలోవాళ్లకు పంచిపెడతాడు. మరి ఈ తిప్పలెందుకు అంటే నవ్వుతాడు తప్ప చెప్పడు.

బీరు దొరకని జనవరి

2025 జనవరి గుర్తుందా? పాత బకాయిలు రాలేదని, ధర పెంచడం లేదని కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. రెండు వారాలు తిరక్కుండానే లారీలు మళ్లీ కదిలాయనుకోండి. ఈలోగా వాట్సాప్ గ్రూపుల్లో జోకులకు కొదవ లేదు. ఆ జోకుల మధ్య ఒకడు అమాయకంగా అడిగిన ప్రశ్న మాత్రం నిలిచిపోయింది. “ఇంట్లోనే చేసుకుంటే పోలా?” అప్పట్నుంచి ప్రతి ఎండాకాలం ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. యూట్యూబ్ చూసినవాళ్లకు అది పెద్ద విద్యలా అనిపించదు మరి.

జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే: మన దగ్గర కుదరదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. అమ్మడానికి కాదు, నా మటుకు నేను తాగడానికే అంటే ఊరుకోరు. బార్లీ కొనుక్కోవచ్చు, ఈస్ట్ కొనుక్కోవచ్చు. రెండూ ఒక గిన్నెలో కలిసి పొంగితేనే కేసు. పేపర్లో ‘బెల్లం ఊట ధ్వంసం’ అని వార్త వస్తుంది చూశారా, ఆ ఊటకూ బావ బకెట్‌లోదానికీ మూలసూత్రం ఒకటే. తీపిని ఈస్ట్ తింటుంది, మద్యాన్నీ గాలినీ వదులుతుంది. ఊటను బట్టీ ఎక్కించి కాస్తే సారా. ఎక్కించకుండా వదిలేస్తే బీరో, సైడరో, కల్లో.

బట్టీ ఎక్కించడం అమెరికాలోనూ నేరమే. ఇంట్లో సారా కాస్తే కేంద్ర ప్రభుత్వమే జైల్లో పెడుతుంది. ఊట దగ్గర ఆగిపోయినవాణ్ణి మాత్రం వదిలేస్తుంది. అలా వదిలేయడానికి అక్కడా చాలా ఏళ్లే పట్టింది.

ఒక్క సంతకం

1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. బ్రూవరీలు మూతపడ్డాయి. కొన్ని కంపెనీలు మాత్రం బతకడానికి డబ్బాల్లో మాల్ట్ పాకం అమ్మాయి. రొట్టెల్లోకి వాడుకోండి అని పైన రాసేవారు. అది రొట్టెల్లోకి ఎంత వెళ్లిందో, స్నానాలగదుల్లోని తొట్లలోకి ఎంత వెళ్లిందో అందరికీ తెలుసు. నిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి వచ్చింది గానీ బీరు సంగతి చట్టంలోకి ఎక్కలేదు. దాంతో నాలుగున్నర దశాబ్దాలపాటు ద్రాక్ష తొక్కేవాడు గృహస్థు, బార్లీ ఉడికించేవాడు నేరస్తుడు.

1978 అక్టోబరు 14న జిమ్మీ కార్టర్ ఒక పన్నుల బిల్లు మీద సంతకం చేశాడు. అందులో ఒక మూలన సెనెటర్ అలన్ క్రాన్‌స్టన్ చేర్పించిన సవరణ ఉంది. ఇంటి అవసరానికి చేసుకునే బీరుకు పన్ను లేదు, అనుమతి అక్కర్లేదు అని. 1979 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. తమాషా ఏమిటంటే కార్టర్ పెద్దగా తాగే మనిషి కాదు. బీరు పేరు చెబితే అమెరికాకు గుర్తొచ్చింది ఆయన తమ్ముడు బిల్లీ. బిల్లీ పేరుతో అప్పట్లో ఒక బీరే వచ్చింది.

కొలరాడోలోని బౌల్డర్‌లో చార్లీ పపాజియన్ అనే బడిపంతులు ఉండేవాడు. చదివింది అణు ఇంజినీరింగ్, సాయంత్రాలు ఊళ్లోవాళ్లకు నేర్పింది బీరు తయారీ. సంతకం పడే నాటికి అది ఇంకా చట్టవిరుద్ధమే. ఆ ఏడాదే మిత్రుడితో కలిసి అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ పెట్టాడు. 1984లో ఆయన రాసిన పుస్తకం ఈ హాబీ ఉన్నవాళ్ల ఇళ్లలో పాకశాస్త్రంలా ఉంటుంది. మా బావ ప్రతి మీదైతే మాల్ట్ మరకలు, ఒకచోట పసుపు చెయ్యి కూడా. అది అక్కది. తాను చదవలేదనే అంటుంది.

కాలిఫోర్నియాలోని చికోలో కెన్ గ్రాస్‌మన్ 1976లో ఇంటి బీరుకు కావలసిన సామాను అమ్మే కొట్టు పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత పాత డెయిరీ యంత్రాలు కొని, అతికించి తనే బీరు కాశాడు. అదే సియెర్రా నెవాడా. హాప్స్ పూల చేదును దాచకుండా ముందుకు తెచ్చిన ఆ పేల్ ఏల్ రుచిని తర్వాత వందలమంది అనుసరించారు. 1970ల చివర్లో ఆ దేశం మొత్తమ్మీద ఉన్న బ్రూవరీలు వందలోపు. ఇప్పుడు తొమ్మిది వేల పైమాటే. వాటిని పెట్టినవాళ్లలో ఎంతోమంది మొదటి ఊటను ఇంటి పొయ్యి మీద కాచినవాళ్లే. హైదరాబాద్ మైక్రోబ్రూవరీలో మనం వెయిటర్ని అడిగి మరీ తెప్పించుకునే ఐపీఏ గ్లాసు వెనకాల ఆ గ్యారేజీలున్నాయి.

ఒబామా వచ్చాక ఏకంగా శ్వేతసౌధం వంటింట్లోనే బీరు కాచారు. తోటలో పెంచిన తేనెటీగల తేనె పోసి. ఆ వంటకం బయటపెట్టండని జనం అర్జీలు పెడితే 2012లో పెట్టేశారు. అయినా మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013 దాకా ఇంటి బీరును ఒప్పుకోలేదు.

> ఎంత చేసుకోవచ్చు?
> అమెరికాలో పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. అంటే 757 లీటర్లు. మామూలు సీసాల్లో రెండు వేల పైనే. అమ్మడానికి మాత్రం లేదు.
>
> బ్రిటన్‌లో 1880 నుంచి ఇంటి బీరుకు లైసెన్సు ఉండాల్సి వచ్చేది. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశాడు. ఆ తర్వాత బూట్స్ మందుల షాపుల్లోనే బీరు కిట్లు అమ్మారు.
>
> అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1757 నాటి నోటుపుస్తకంలో తవుడు, హాప్స్, మొలాసిస్‌తో పలచటి బీరు చేసే పద్ధతి రాసుకున్నాడు. ఆ పుస్తకం న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది.

కడుగు, కడుగు, మళ్లీ కడుగు

బీరు కాచే రోజు ఎలా ఉంటుందో చూడాలని నేను ఆ వారమంతా ఆగాను. రసాయనశాస్త్రం చూస్తాననుకున్నాను. చూసింది అంట్లు తోమడం.

పొద్దున్నే బావ బకెట్లు, గొట్టాలు, గరిటెలు, థర్మామీటరు, చివరికి కత్తెర కూడా కడిగాడు. కడిగినవాటిని శానిటైజర్ నీళ్లలో ముంచాడు. అరగంట పోయాక చెయ్యి తగిలిందని ఒక గొట్టాన్ని మళ్లీ ముంచాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆవకాయ జాడీని కడిగి, ఎండబెట్టి, పొడి గుడ్డతో తుడిచి, ఎవరైనా తడి చేత్తో దగ్గరికొస్తే కేకలేసే అమ్మ. సంగతి ఒకటే. నీకు కావలసిన సూక్ష్మజీవికి ఇల్లు ఇవ్వాలంటే అక్కర్లేనివాటిని ముందు వెళ్లగొట్టాలి.

తర్వాత మాల్ట్. అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. దాన్ని కచ్చాపచ్చాగా మరాడించి, 66 డిగ్రీల వేడినీళ్లలో గంట నానబెట్టాడు. మొలక వచ్చినప్పుడు గింజలో పుట్టిన ఎంజైములు ఈ వేడిలో పిండిని చక్కెరగా విడగొడతాయి. వేడి నాలుగు డిగ్రీలు అటూఇటూ అయితే బీరు నడకే మారిపోతుందట. ఇల్లంతా రాగిమాల్ట్ కాచినట్టు కమ్మటి వాసన. గంట తర్వాత పిప్పి తీసేసి, తియ్యటి నీళ్లను ఇంకో గంట మరిగించాడు. మరుగుతుండగా హాప్స్ వేశాడు. చేదుకోసం ముందు కొన్ని, వాసనకోసం చివర్లో కొన్ని. ఆ పచ్చటి పూలను అరచేతిలో నలిపి చూడమన్నాడు. నారింజ తొక్క, వేపపువ్వు, ఎక్కడో కాస్త పచ్చగడ్డి.

ఇక్కడ బావ కుక్కను పట్టుకెళ్లి పైగదిలో పెట్టి తలుపేశాడు. హాప్స్ కుక్కలకు విషం. తింటే ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. హాప్స్ తగలని బార్లీ పిప్పి పర్వాలేదు. దాంతో అక్క కుక్కకు బిస్కెట్లు చేస్తుంది. మన ఊళ్లో అయితే గేదెలకు పెట్టేవాళ్లం.

మరిగినదాన్ని వీలైనంత తొందరగా 20 డిగ్రీలకు చల్లార్చి, బకెట్‌లో పోసి, ఈస్ట్ చల్లి మూత బిగించాలి. అంతకుముందు కొంచెం తీసి హైడ్రోమీటరు ముంచాడు. పాలకేంద్రంలో లాక్టోమీటరు చూశారుగా, దాని అన్నదమ్ముడే. అక్కడ నీళ్లు కలిపారేమో చూస్తారు, ఇక్కడ చక్కెర ఎంతుందో చూస్తారు. ఆ రోజు 1.050 చూపించింది. పులియడం అయ్యాక 1.010 దగ్గర ఆగితే మద్యం ఐదు శాతం పైచిలుకు.

ఆపైన మనిషి చేసే పనేం లేదు. ఉన్నదల్లా కాచుకోవడమే. రెండు వారాలు బకెట్‌లో, సీసాల్లోకి ఎత్తాక ఇంకో రెండు వారాలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో గంటగంటకూ ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకునే మనిషికి, తొందరపెట్టినా వినని పని ఒకటి దొరికింది. బావ గ్యారేజీలో కూర్చోవడానికి నాకు తోచిన కారణం అది.

> వాసన చూసి రోగం చెప్పొచ్చు
> వెన్న వాసన వస్తే ఈస్ట్ పని పూర్తికాకముందే సీసాల్లోకి ఎత్తారని అర్థం, లేదా బాక్టీరియా చేరింది.
> ఉడికిన క్యాబేజీ, మొక్కజొన్న వాసనైతే సరిగా మరిగించలేదు.
> పచ్చి ఆపిల్ వాసన సైడర్‌లో సరే, బీరులో వస్తే తొందరపడ్డారు.
> కుళ్లిన కోడిగుడ్డు వాసనకు హడలిపోవద్దు. సైడర్‌లో ఈస్ట్‌కు పోషకాలు తగ్గితే వస్తుంది, చాలాసార్లు దానంతటదే పోతుంది.
> ఎండ తగిలితే హాప్స్‌లోని పదార్థం విరిగి కంపు కొడుతుంది. బీరు సీసాలు గోధుమరంగులో ఉండేది అందుకే.

తినడానికి పనికిరాని ఆపిల్

బీరు కాయడం వంట. సైడర్ అంతకన్నా సులువు. మరిగించే పనిలేదు, నానబెట్టే పనిలేదు. రసం, ఈస్ట్, ఓపిక. మిషిగన్‌లో సెప్టెంబరు వస్తే ఊరూరా సైడర్ మిల్లుల దగ్గర కార్లు బారులు తీరుతాయి. వేడి డోనట్లు, గ్యాలన్ డబ్బాల్లో చిక్కటి గోధుమరంగు రసం. అమెరికాలో సైడర్ అంటే ఉత్త రసమే, మత్తున్నదైతే ‘హార్డ్ సైడర్’ అనాలి. ఇంగ్లండ్‌లో సైడర్ అంటే మత్తున్నదే. ఈ తేడా తెలియక మా పెద్దమ్మ మొదటిసారి మిల్లుకు వెళ్లినప్పుడు మనవరాలి చేతిలో గ్లాసు చూసి గుండెలు బాదుకుంది.

బావకూ మొదట్లో ఎదురుదెబ్బ తగిలింది. సూపర్‌మార్కెట్‌లో చవగ్గా వచ్చిందని ఏదో కంపెనీ రసం కొని, ఈస్ట్ చల్లి వారం కూర్చున్నాడు. ఒక్క బుడగ లేదు. ఇంకో ప్యాకెట్ ఈస్ట్ చల్లాడు. లేదు. పదోరోజు డబ్బా తిప్పి చూస్తే చీమతలకాయంత అక్షరాల్లో పొటాషియం సోర్బేట్. ఈస్ట్‌ను పెరగనివ్వకుండా పట్టుకోవడానికే దాన్ని కలుపుతారు. మిల్లుల్లో అతినీలలోహిత కాంతితో శుద్ధిచేసిన రసమైతే ఫర్వాలేదు. అందులో ఏమీ మిగిలి ఉండదు.

మంచి సైడర్‌కు తినే ఆపిల్ చాలదంటారు తెలిసినవాళ్లు. ఇంగ్లండ్‌లో సోమర్సెట్, హెర్ఫర్డ్‌షైర్ తోటల్లో కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్ లాంటి రకాలు పెంచుతారు. కొరికితే పచ్చి వెలగకాయలా వగరు. ఆ వగరే గ్లాసులో చిక్కదనం ఇస్తుంది. ఆ తోటల్లో జనవరి 17న, మన సంక్రాంతి వెళ్లిన రెండు మూడు రోజులకే, ‘వాసెయిల్’ అని ఒక తంతు. ముసలి ఆపిల్ చెట్టు మొదట్లో సైడర్ పోస్తారు, సైడర్‌లో ముంచిన రొట్టెముక్క కొమ్మకు కడతారు, తుపాకులు పేల్చి దయ్యాలను తోలుతారు. చెట్టుకు మొక్కే జాతి మనదొక్కటే అనుకుంటే పొరపాటు.

అమెరికా పిల్లల పుస్తకాల్లో జానీ ఆపిల్‌సీడ్ అనే సాధువులాంటి మనిషి ఉంటాడు. అసలు పేరు జాన్ చాప్‌మన్, పుట్టింది 1774లో. సైడర్ మిల్లుల పిప్పిలోంచి గింజలు ఏరుకుని ఒహాయో, ఇండియానా పొడుగునా నాటుకుంటూ పోయాడు. అంటు కట్టకుండా గింజ నాటితే తల్లిచెట్టు కాయ రాదు. చాలావరకు పుల్లకాయలే. అంటే పుణ్యాత్ముడు నాటుకుంటూ పోయింది పిల్లలు తినే ఆపిల్ కన్నా, పెద్దలు తాగే సైడరే ఎక్కువ. పిల్లల పుస్తకాల్లో ఈ సంగతి రాయరు లెండి.

లొట్టి, ఉంగరం

బావ వాళ్లది భువనగిరి దగ్గర ఊరు. తాత గీత కార్మికుడు, నాన్న గీత కార్మికుడు. మోకు కట్టి తాడెక్కిన చేతులు. బావ చదువుకున్నాడు, ఎక్కలేదు. “నాకు చెట్టంటే భయం” అని ఊరుకుంటాడు. నిజం వేరు. ఎక్కితే కాళ్లు విరగ్గొడతానన్నాడట వాళ్ల నాన్న.

కల్లుకు ఎవరూ ఈస్ట్ ప్యాకెట్ కొనరు. గెల కోసి లొట్టి కడితే, బొట్టు పడ్డ క్షణం నుంచే గాలిలోదీ, లొట్టి గోడకు అంటుకున్నదీ పని మొదలుపెడుతుంది. పొద్దున దించినది తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. అందులో ఈస్ట్‌తోపాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా మద్యం తయారు చేస్తుంది. ఇదే జైమోమోనాస్ ఇంగ్లండ్ సైడర్‌లో చేరితే ‘సైడర్ జబ్బు’ అని తొట్లకు తొట్లు పారబోస్తారు. మన లొట్టిలో చుట్టం, అక్కడి పీపాలో దొంగ.

నార్వే పల్లెల్లో ‘క్వైక్’ అని ఒక ఈస్ట్ ఉంది. వోస్ లాంటి చోట్ల రైతులు తరతరాలుగా ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ కాపాడిన తోడు. చెక్కముక్కలతో అల్లిన ఉంగరాన్ని బీరు నురగలో ముంచి, ఆరబెట్టి, మళ్లీసారి దాకా తగిలించి ఉంచేవారు. మామూలు ఈస్ట్ 20 డిగ్రీల దగ్గర సుఖంగా ఉంటే ఇది 35, 40 డిగ్రీల్లో కూడా ఉషారుగా పనిచేస్తుంది. మంచుదేశం ఈస్ట్‌కు భువనగిరి మే నెల ఇష్టం! బావకు ఈ సంగతి చెప్పిన రోజున ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “మా తాత లొట్టి ఎన్నడు కడగకపోతుండె. గలీజు అనుకునేటోన్ని.”

అలమరలో బాంబులు

అందరూ అడిగే భయం, కళ్లు పోతాయా అని. పోవు. బీరులో, సైడర్‌లో మిథనాల్ ఉంటే గింటే లేశమాత్రం. మనం పేపర్లో చదివే సారా చావులు పారిశ్రామిక మిథనాల్ కలపడం వల్ల వచ్చేవి. ఇంటి బీరుతో అసలు ప్రమాదం గాజు. పులియడం పూర్తికాకుండా మూత బిగిస్తే లోపల గాలి పెరిగి సీసా పేలుతుంది. మొదటి ఏడాది బావ ఆత్రంకొద్దీ నాలుగు రోజులు ముందే ఎత్తేశాడు. పైగా సీసాలకు పోసే చక్కెర ఎక్కువైంది. 19 లీటర్లకు 120 గ్రాములు చాలు, ఈయన చేతికొలత. ఒక అర్ధరాత్రి మెట్లకింద అలమరలో పదకొండు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి. అక్క 911కు ఫోన్ చేయబోయింది. పిల్లల శీతాకాలం కోట్లన్నీ అందులోనే ఉన్నాయి. వసంతం దాకా ఆ పిల్లలు బడికి బీరు వాసనతో వెళ్లారు. టీచర్ ఒకసారి పిలిపించి మాట్లాడింది కూడా.

డబ్బు ఆదా అవుతుందని ఈ పనికి దిగేవాళ్ల మీద నాకు జాలి. మొదటి కిట్టు వంద డాలర్ల చిల్లరతో వస్తుంది. తర్వాత పెద్ద గిన్నె, ఆ తర్వాత ఇంకో ఫ్రిజ్. సీసా ఖరీదు లెక్క వేయవద్దని అక్క ఆజ్ఞ. ఇంకో మాట కూడా దాచకూడదు. ఇంట్లో యాభై సీసాలు ఎప్పుడూ ఉండటం అందరికీ మంచిది కాదు. బావ స్నేహితుడొకడు రుచి చూడ్డం, రుచి చూడ్డం అంటూనే రోజువారీలోకి దిగాడు. ఇప్పుడు అతని బకెట్‌లో భార్య బియ్యం పోసుకుంటోంది. అక్క పెట్టిన షరతు అప్పటిదే: పాత సీసాలు పంచడం అయ్యాకే కొత్త ఊట.

ఏ చెట్టుది?

అక్టోబరు బకెట్‌లోని సైడర్‌ను డిసెంబరులో సీసాల్లోకి ఎత్తారు. జనవరిలో బావ వాళ్ల నాన్న విజిటర్ వీసా మీద నోవై వచ్చారు. బయట మోకాలెత్తు మంచు. ఆరోజు నేను హైదరాబాద్‌లో వీడియో కాల్‌లో ఉన్నాను. బావ సీసా మూత తీస్తుంటే చేతులు వణకడం ఫోన్లోనే కనిపించింది.

పెద్దాయన గ్లాసు తీసుకుని వెలుగుకు ఎత్తి చూశారు. ఒకసారి గుండ్రంగా తిప్పారు. వాసన చూశారు, కళ్లు మూసుకుని మళ్లీ చూశారు. చిన్న గుక్క పట్టి నాలుక మీద ఆపారు. అలవాటుగా పెదవుల మీది నురగను బొటనవేలితో తుడుచుకున్నారు. బావ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

“మంచిగనే పులిసింది. ఇది ఏ చెట్టుది?”

బావ నీళ్లు నమిలాడు. మిల్లులో పది రకాలు కలిపి పిండుతారని, ఏ చెట్టో ఎవరికీ తెలియదని చెప్పాడు.

“చెట్టు తెల్వకుండ ఎట్ల తాగుతరు రా?” అన్నారాయన, గ్లాసు కింద పెట్టకుండానే.

నిన్న అక్క ఫోన్ చేసింది. ఇంటి వెనక పెరట్లో బావ గుంతలు తవ్వుతున్నాడట.